డిప్‌స్టిక్ పోయె, జీవితకాల హామీ వచ్చె

ఆటోమేటిక్ కార్ల రూపకర్తలు యజమానులపై కురిపించిన దయలో అగ్రతాంబూలానికి అర్హమైనది, గేర్‌బాక్స్ ఆయిల్ మట్టాన్ని చూసుకొనే డిప్‌స్టిక్‌ను, అంటే బానెట్ ఎత్తి బయటికి లాగి, తుడిచి, మళ్ళీ ముంచి చూసే ఆ గీతల పుల్లను, అనేక మోడళ్లలో పూర్తిగా తొలగించడం. సీటు బెల్టు పెట్టుకోకపోతే గోల చేసి, తలుపు సరిగా పడకపోతే బొమ్మ గీసి చూపే డాష్‌బోర్డుకు, చెడితే లక్షల రూపాయలు అడిగే గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఎంత ఉందో చెప్పే సెన్సర్ మాత్రం సాధారణంగా ఉండదు. తెలియని విషయానికి దిగులుపడేవారు ఉండరన్న సూక్ష్మం గ్రహించినవారి ఏర్పాటు ఇది.

దీనికి చెప్పే సమర్థన, ఆ ఆయిల్ కారు జీవితాంతం పనిచేస్తుందని. ఇంజిన్ ఆయిల్ మాదిరిగా గేర్‌బాక్స్ ఆయిల్ కాలి ఖర్చు కాదన్నది నిజమే. కనుకనే మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదని అర్థం, కారకుండా ఆపవలసిన రబ్బరు సీళ్ళు, గాస్కెట్లు, కూలర్ పైపులు అమృతం తాగి పుట్టినవి కావు. గేర్‌బాక్సులు తయారుచేసే జర్మన్ సంస్థ జెడ్‌ఎఫ్ తన ఆటోమేటిక్ గేర్‌బాక్సులలో ఆయిల్‌ను 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటుంటే, వాటిని కొని బిగించిన కార్ల కంపెనీలలో కొన్ని మార్చనే అక్కరలేదని ప్రకటించాయి. వారంటీ ఎన్నేళ్లో, ఎన్ని కిలోమీటర్లో అంకెలలో అచ్చువేసే పుస్తకం ఈ జీవితకాలం దగ్గరకు వచ్చేసరికి అంకెలు మరచిపోవడం గమనించదగినది.

ఈ ఆయిల్ కేవలం కందెన కాదు. ఇంజిన్ శక్తిని ద్రవప్రవాహం ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌ను నడిపేది, పంపు ఒత్తిడితో క్లచ్ ప్లేట్లను ఒకదానికొకటి అదిమి పట్టేది, వాటి వేడిని మోసుకుపోయేది ఇదే. మట్టం తగ్గినప్పుడు పంపు ఆయిల్‌తోపాటు గాలిని పీల్చి, నురగ పుట్టి, ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు లివర్‌ను డీలోకి వేశాక కారు కాసేపు ఆలోచించి కుదుపుతో కదులుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం ముల్లు ఎగబాకుతుంది గానీ వేగం పెరగదు, కింద నుంచి సన్నని ఊళ వినిపిస్తుంది, చివరికి మాడు వాసన వస్తుంది. ఆధునిక విజ్ఞానం డిప్‌స్టిక్‌కు బదులుగా యజమానికి ప్రసాదించిన పరికరాలు ఇవే: అతని ముక్కు, అతని చెవి. ఈ లక్షణాలలో చాలా భాగం క్లచ్ ప్లేట్లు అరగడం మొదలయ్యాక మోగే గంటలు, అంటే చేతులు కాలాక పట్టుకొనే ఆకులు. ముందుగా చెప్పగలిగిన సాక్షి కారు కింద పడే నూనె చుక్క ఒక్కటే (కొత్త ఆయిల్ చాలావరకు ఎర్రగా, పాతబడినది గోధుమరంగులో ఉంటుంది, ఏసీ నీటికి రంగుండదు). అపార్ట్‌మెంట్ పార్కింగ్‌ను రోజూ తెల్లవారుజామునే కడిగేసే వాచ్‌మన్ శ్రద్ధ ఆ సాక్ష్యాన్ని కూడా మిగలనివ్వదు.

కొన్ని కంపెనీల పుస్తకాలలో మరో తమాషా ఉంది. తీవ్రమైన వేడిలోనూ, ఆగి ఆగి సాగే ట్రాఫిక్‌లోనూ నడిపే కార్లకు ఆయిల్ ముందే మార్చాలని చిన్న అక్షరాలలో ఉంటుంది. మే నెలలో విజయవాడ బెంజి సర్కిల్ దాటే కారుకు ఇంతకన్న వేరే వాడకం ఏముందో రాసినవారికే తెలియాలి.

డిప్‌స్టిక్ లేని కారులో మట్టం కొలవడం అసాధ్యమేమీ కాదు. కారును లిఫ్ట్‌పై సమంగా నిలిపి, ఇంజిన్ నడుస్తుండగా, కార్ల కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రతలో ఆయిల్ ఉన్నప్పుడు తనిఖీ ప్లగ్ విప్పి చూస్తారు. “సీల్డ్ యూనిట్ సార్, చూడనక్కరలేదు” అన్న జవాబుతో తృప్తిపడకుండా, కొలిపించి, ఆ సంగతిని ఉష్ణోగ్రతతో సహా జాబ్ కార్డుపై రాయించుకోవలసిందిగా కారు యజమానులకు విజ్ఞప్తి.