ఒక చందమామ బైండు ఆత్మకథ

‘శిథిలాలయం’ సీరియల్ బైండు చందమామ సంచికల్లోంచి నెలనెలా చింపి దాచిన కాగితాలతో తయారైంది. సీరియల్ ముగిశాక తెనాలిలో ఒక బైండరు వాటిని దారంతో కుట్టి, మైదా జిగురు రాసి, వీపుకు ఎర్ర గుడ్డ వేశాడు. ఇది ఆ బైండు ఆత్మకథే. అయితే ఇన్ని సంచికలు కలిసి ఒక పుస్తకమైనప్పుడు ‘నేను’ అనాల్సింది వాటిలో ఏదో తేలదు గనక, కథంతా ప్రథమ పురుషలోనే నడుస్తుంది. ప్రస్తుత నివాసం మాదాపూర్‌లో, సైబర్ టవర్స్‌కు నడిచి వెళ్లేంత దూరంలోని ఒక ఫ్లాటు, టీవీ కింది అర.

బైండులో ఎక్కడ వెతికినా రచయిత పేరు దొరకదు. చందమామ సీరియళ్లకు అప్పట్లో పేరు వేసేవారు కాదు. రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యం. తోకచుక్క, మకరదేవత, జ్వాలాద్వీపం కూడా ఆయనవే. బొమ్మలు చిత్రకారుడు ‘చిత్ర’వి. ప్రతి భాగం మొదట్లో జరిగిన కథ నాలుగైదు వాక్యాల్లో ఉంటుంది. అవన్నీ వరసగా చదివితే అదే ఒక సినిమా స్క్రిప్టులా కనిపిస్తుంది. తంటా అంతా అక్కడే మొదలైంది.

ఒక నెల సంచికను పక్కింటివాళ్లు పట్టుకెళ్లి తిరిగివ్వలేదు. ఈ కాగితాలు దాచిన ఇంటాయన ఇంకెవరి దగ్గరో ఆ సంచిక సంపాదించి, ఆ భాగాన్ని రూళ్ల కాగితాల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తిరాశాడు. బొమ్మ వేయడం ఆయనకు రాదు. దాంతో ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు కథలోని మిత్రులు శిఖిముఖి, విక్రమకేసరులను ఆ భాగంలో ఎవరికి తోచినట్టు వాళ్లు ఊహించుకున్నారు. ఈ విషయంలో అన్నదమ్ముల మధ్య తగువు ఇప్పటికీ తీరలేదు.

ఇంటాయన మనవడు రాయదుర్గం వైపు ఒక గ్రాఫిక్స్ స్టూడియోలో కంపోజిటింగ్ చేస్తాడు. తెర మీద రాక్షసుడి వెంట్రుకలు గాలికి ఎలా ఊగాలో రాత్రి రెండింటిదాకా సరిచేసే పని. ఆ ‘జరిగిన కథ’లు వరసగా చదివాక ఈ సీరియల్‌ను మూడు సినిమాలుగా తీయాలని అతనికి ఆశ పుట్టింది. పీటర్ జాక్సన్ టోల్కీన్ నవలను తీసిన మూడు భాగాలు 2001 నుంచి 2003 వరకు వచ్చాయి, 2015, 2017లలో ‘బాహుబలి’ రెండు భాగాలుగా వచ్చింది. కాబట్టి నిడివి ఇప్పుడు అడ్డు కాదని అతని వాదన. అది సబబే.

భయాలు వేరే ఉన్నాయి. ఈ కథలో ఇద్దరు మిత్రులూ సమానులు; సినిమాకు ఒక్క హీరో చాలు. మొదటి పాట ఎక్కడ పెడతారో, రెండోవాణ్ణి ఎన్నో రీలులో చంపేస్తారో చందమామ చదివినవాళ్లు ముందే ఊహించగలరు.

మూలం మారడమే తప్పనలేం. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’కి మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు ఆధారం. పింగళి నాగేంద్రరావు దాన్ని ధారాళంగా మార్చాడు. కె.వి.రెడ్డి తీసిన ఆ సినిమాను నిర్మించింది నాగిరెడ్డి, చక్రపాణి. 1947లో చందమామను మొదలుపెట్టింది కూడా వాళ్లే. తోటరాముడుగా రామారావు ఎంత బాగున్నా, సినిమాను నిలబెట్టింది ఎస్.వి.రంగారావు నేపాళ మాంత్రికుడే. మాంత్రికుడికి అంత జాగా ఇచ్చారు గనకే అతణ్ణి గెలిచినవాడికీ విలువ వచ్చింది. హీరోను పెంచడానికి మాంత్రికుణ్ణి జోకర్ని చేస్తే ఎన్ని కోట్ల గ్రాఫిక్స్ పెట్టినా దండగ. ఇక టైటిళ్లలో దాసరి పేరు ఏ అక్షరాల్లో పడుతుందన్నది మరో దిగులు. ఒకసారి పేరు లేకుండా అచ్చయినవాడికి రెండోసారీ అదే జరగకూడదు.

కిందటి వేసవిలో మనవడు బైండును ఆఫీసుకు తీసుకెళ్లి స్కాన్ చేశాడు. వీపు బాగా విప్పదీసేసరికి రెండు కుట్లు తెగాయి. బొమ్మలన్నీ పెద్దవి చేసి గోడకు అంటించారు. రూళ్ల కాగితాల్లో బొమ్మ లేదు గనక వాటిని స్కాన్ చేయలేదు.