పులి బావ

హుజూరాబాద్ చుట్టుపక్కల ఏ చుట్టరికంలో చూసినా ఒక పులి బావ ఉంటాడు. విత్తనాల వ్యాపారమో, సర్కారు బడిలో పంతులుగిరీయో చేసుకునే మనిషే. పెండ్లిలో పెట్టుపోతల మాట మనకే వదిలేస్తాడు గానీ, అడవికి పోదామంటే మాత్రం పెద్దరికం తనదే. ఆకుపచ్చ అంగీ, మెడలో దుర్భిణి, చెవులు మూసే టోపీ. ఆ టోపీ ఎండాకాలంలో కూడా దిగదు.

మా పులి బావకు రోగం ముదిరింది మాత్రం అమెరికాలో ఉన్న మా మేనల్లుడు పంపిన వీడియోతో. వాడు పెళ్లాం పిల్లలతో ఇల్లంత బండి ఒకటి కిరాయికి తీసుకుని ఎల్లోస్టోన్ పోయాడు. 1872లో పెట్టిన పార్కు. బండిలోనే పొయ్యి, బండిలోనే పక్క. రోడ్డుకడ్డంగా అడవిదున్నలు నిలబడితే కార్లన్నీ నోరు మూసుకుని ఆగాయి. దున్నకు 25 గజాలు, ఎలుగుబంటికి 100 గజాలు ఎడంగా ఉండాలని అక్కడి రూలు. బావ అంతా చూసి, "గింతేనా? మనకు బండి దొర్కదా, అడవి దొర్కదా?" అన్నాడు.

వారం తిరక్కముందే వాకిట్లో టెంపో ట్రావెలర్. వెనక సీట్లు పీకించి పరుపులు వేయించాడు. చిన్న సిలిండర్, నీళ్ల క్యాన్లు, సకినాల డబ్బా, సర్వపిండి మూట ఎక్కాయి. మా అవ్వ ఎక్కి కాళ్లు బార్లా చాపుకుని, "మేడారం పోయినట్టే ఉన్నదే బిడ్డా, బంగారం ఒక్కటే తక్కువ" అన్నది అక్కతో. అవ్వ మాట నిజమే. రెండేండ్లకోసారి బంగారమని బెల్లం ముద్దలు బండికెత్తి, సమ్మక్క జాతరలో చెట్ల కింద వండుకు తిని పండుకునే జనానికి ఈ బండి కాపురం ఎవరూ నేర్పనక్కర్లేదు. బావ మాత్రం దాన్ని "క్యాంపర్" అనే పిలవాలన్నాడు.

జగిత్యాల, ధర్మపురి దాటి రాయపట్నం వంతెన మీద గోదావరి దాటగానే బావ గొంతు పడిపోయింది. "ఇగ అడివి షురువైంది. ఎవ్వలు సప్పుడు చేయకుండ్రి." రెండు దిక్కులా వరిపొలాలు. ట్రాక్టర్ మీద పాటలు పెట్టుకుని ఒక పిలగాడు మమ్మల్ని దాటేసి పోయాడు.

జన్నారంలో క్యాంపర్‌ను చెట్టు కింద పెట్టి సఫారీ బండెక్కాం. ఎక్కీ ఎక్కగానే బావ పాఠం మొదలు. ఈ కవ్వాల్ అడవి 1965లో అభయారణ్యం అయింది, 2012లో పులుల అభయారణ్యం అయింది. ఇవన్నీ డ్రైవర్‌కు చెప్తున్నాడు, పాపం. చుక్కల దుప్పుల మంద కనిపించి పిల్లలు లేచి నిలబడితే కూర్చోబెట్టాడు. "దుప్పుల కోసమా గింత దూరం వచ్చింది?" మనుబోతు కనిపించింది, లెక్కలోకి రాలేదు. నెమలి పురి విప్పింది. దుర్భిణి కూడా ఎత్తలేదు.

అంతలో టేకు చెట్టు కొసన కొండెంగ ఒకటి గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఖక్కుఖక్కుమన్నది. కింద దుప్పి తోక నిక్కించి, ముందుకాలు నేలకేసి టపటపా కొట్టింది. నిజం చెప్పాలంటే బావకు తెలిసిన అసలు విద్య ఇదే. కొండెంగ పైనుంచి చూస్తుంది, దుప్పి కింద వాసన పడుతుంది. రెండూ ఒకే దిక్కు చూసి అరిచాయంటే అక్కడ వేటాడే జంతువేదో ఉన్నట్టే. బావ చెయ్యెత్తాడు. బండి ఆగింది. అర్ధగంట ఊపిరి బిగబట్టుకున్నాం. పొదల్లోంచి పశువుల కాపరి కుక్క బయటికొచ్చి, మా బండి చక్రం వాసన చూసి, చేయాల్సిన పని చేసి పోయింది.

"పులి భయానికి ఉరికొచ్చింది, సూశిండ్రా?" అన్నాడు బావ.

మహారాష్ట్రలోని తాడోబా అడవి నుంచి పులులు దిగివచ్చేది ఎక్కువగా కాగజ్‌నగర్ అడవులకు. ఫాల్గుణ అనే ఆడపులి అక్కడే పిల్లల్ని కని పేరు తెచ్చుకుంది. జన్నారం దాకా వచ్చేవి అరుదు. ఈ సంగతి బావకు మనకంటే బాగా తెలుసు. తెలిసే వస్తాడు. పులి కనిపించనంత కాలమే ఆయన మాట చెల్లుతుంది. "గిప్పుడే వోయింది" అంటే కాదనేదెవరు? తాడోబాలో అట్లా కుదరదు, అక్కడ పులి కనబడే ప్రమాదముంది.

అందుకే తాడోబా పేరెత్తితే బావకు నడుమునొప్పి. చివరికి అక్క మొండికేస్తే, "సరే, మంగళారం పోదాం, రష్ ఉండది" అన్నాడు. మంగళవారం తాడోబా బందు అని మా ఇంటామె కనిపెట్టింది. బుధవారం పోక తప్పలేదు.

వాంకిడి, రాజురా, చంద్రపూర్ మీదుగా పోయి మొహర్లీ గేటు దగ్గర జిప్సీ ఎక్కాం. దుమ్ములో అడుగుజాడ కనబడగానే బావ బండి ఆపించాడు. దిగనివ్వరు కాబట్టి సగం మనిషి బయటికి వంగి చెప్పడం మొదలుపెట్టాడు. "నలుచదరంగ ఉంటే మగది, కోలగ ఉంటే ఆడది. గిది ఆడదే. వోయి మూడు గంటలైంది."

మూడు గంటల కింద పోయిన ఆడపులి అవతలి పక్క వెదురు పొదలోంచి వచ్చి, జిప్సీ వెనక నింపాదిగా రోడ్డెక్కింది. అవ్వ చేతులు జోడించింది. నా బిడ్డ బావ అంగీ పట్టి గుంజింది. "మామయ్యా..."

"ఊకో బిడ్డా, సప్పుడు చేస్తే పులి రాదు."

బావ తల ఎత్తేసరికి వెదురు ఆకులు ఊగుతున్నాయి, అంతే.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. బావే అందుకున్నాడు. "జిప్సీలను జూసి జూసి గది బర్రె లెక్క అలవాటువడ్డది. దాన్ని పులంటరా? కవ్వాల్ పులి గట్ల కాదు, కండ్లకు ఆనది. అసలు పులంటే గదీ."

డిసెంబర్‌లో మళ్లీ జన్నారమట. మనిషికి రెండు వేలు అడ్వాన్సు. ఫోన్‌పే చేసినా సరేనట.