రాహుకాలం దాటాక సముద్రం

విశాఖలో పదిహేనేళ్లుగా ఉంటూ మంగమారిపేట రాతి తోరణం చూడలేదంటే, బెజవాడలో ఉండి దుర్గమ్మను దర్శించుకోనట్టేనట. ఈ మాట అన్నది మా బావమరిది. వాడుండేది హైదరాబాద్‌లో. తోరణాన్ని ఫొటోలో చూశాడు.

మొన్న శనివారం తొమ్మిదికల్లా బయల్దేరుదామనుకున్నాం. మా ఆవిడ గోడ మీది క్యాలెండరు చూసి, "పదిన్నర దాకా రాహుకాలమండీ, ఈలోగా పులిహోర చల్లారుతుంది" అంది. పులిహోర చల్లారింది. నేను చల్లారలేదు.

భీమిలి రోడ్డెక్కి, రుషికొండ దాటి, తొట్లకొండకు ఎదురుగా కారు ఆపాం. ఆ కొండ మీద రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉండేవారు. బండలో తొట్లు తొలిచి నీళ్లు నిలవ చేసుకుని, సముద్రాన్ని పైనుంచే చూసేవారు. తెలివైనవాళ్లు. మేం కిందికి దిగాం.

అక్కడ ఇసుక కంటే బండలే ఎక్కువ. దూరానికి పచ్చగా ముచ్చటగా కనిపించిందంతా కాలు పెడితే నాచు. బండలకు అంటుకున్న గుల్లల అంచులు బ్లేడుల్లా ఉన్నాయి. నేను చేతులూ కాళ్లూ ఆనించి పాకుతుంటే, ఒక పీత నన్ను దాటుకుని దర్జాగా అడ్డంగా వెళ్లిపోయింది. మా అమ్మాయి పీతను వీడియో తీస్తోందనుకున్నాను. నన్ను తీసింది.

తోరణం ఎదురుగానే ఉంది. చుట్టూ నీళ్లు. ఒక్కో అల ఆ కంతలో దూరి, నురగలు కక్కుతూ మా మీదికే వస్తోంది. ఇంకో అడుగు వేశానో లేదో, కుడికాలి చెప్పును సముద్రం పుచ్చుకుంది.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తలెత్తాడు. "ఇయ్యాల సవితి గదా బాబూ, మద్దేనానికి పోటు మీదుంటాది. సందేళకి ఆటు తీస్తాది, అప్పుడు నడుసుకుంటా ఎల్లొచ్చు. ఇంట్లో కేలండరు నేదేటి?"

ఉంది. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి, తిథి తెలిస్తే ఆయనకు గడియారం అక్కర్లేదు. ఆ తిథి రాహుకాలం పక్కనే అచ్చేసి ఉంటుంది. మా ఆవిడ వంక చూశాను. ఆవిడ పులిహోర డబ్బా మూత తీసింది. సాయంత్రం దాకా ఆగుదామంటే అప్పుడు వర్జ్యమట.

భీమిలి దాకా ఎక్కడైనా తొమ్మిదో నంబరు కుడికాలి చెప్పు ఒడ్డుకు కొట్టుకొస్తే దయచేసి తీసి ఉంచండి. ఎడమది నా దగ్గరే ఉంది.