ఓడిన ఏడాదితో మొదలుపెట్టండి

బేస్‌బాల్ కార్డులు పోగుచేద్దామనుకునేవాళ్లకు దుకాణాల్లో దొరికే సలహాలు అందరికీ తెలిసినవే. పేరున్న ఆటగాళ్లవి కొనాలి. అందులోనూ వాళ్ల మొదటి కార్డు, అంటే రూకీ కార్డు కొనాలి. మూల నలగకూడదు. కొన్నాక గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేయించి బీరువాలో దాచాలి. డబ్బు కోసమైతే ఇవన్నీ సరైనవే. ఒక జట్టు మీద మనసుపడి, ఆ జట్టు నూరేళ్ల పైచిలుకు బతుకును కార్డుల్లో చూసుకోవాలనుకునేవాళ్లకు మాత్రం వీటిలో ఒక్కటీ పనికిరాదని నా గట్టి నమ్మకం. నా జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్. ఇక్కడ చెప్పేవన్నీ ఆ జట్టు కార్డుల గురించే. అనుభవమున్న వ్యాపారి ఎవరైనా ఇవి తప్పుడు సలహాలంటాడు. అననివ్వండి, మీరు పాటించండి.

ముందుగా, గెలిచిన ఏళ్ల జోలికి పోకండి. పైరేట్స్ 1909, 1925, 1960, 1971, 1979 లలో వరల్డ్ సిరీస్ గెలిచింది. కొత్తగా వచ్చినవాళ్లంతా ఈ ఐదేళ్ల మీదే పడతారు. మీరు 1952 తో మొదలుపెట్టండి. ఆ ఏడాది మన జట్టు 42 ఆటలు గెలిచి 112 ఓడింది. అదే ఏడాది టాప్స్ కంపెనీ 407 కార్డుల పెద్ద సెట్ తెచ్చింది. ఆ సెట్‌లోని మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022 లో కోటీ 26 లక్షల డాలర్లకు పోయింది. అదే సెట్‌లో, అదే అట్ట మీద, 112 ఆటలు ఓడిన జట్టు కుర్రాళ్లు కూడా ఉన్నారు. వేలంపాటల వార్తల్లో వాళ్ల పేర్లు కనపడవు. ఓడిపోతామని తెలిసీ రోజూ మైదానంలోకి దిగినవాళ్ల ముఖాలవి. జట్టును ప్రేమించడం అక్కడి నుంచి నేర్చుకుంటే తర్వాత వచ్చే ఏ గెలుపూ మామూలుగా అనిపించదు.

ఆ సెట్‌లో 369వ నంబరు డిక్ గ్రోట్. 311 నుంచి 407 వరకు ఉన్న కార్డులు ఆ ఏడాది బజారుకు బాగా ఆలస్యంగా వచ్చాయి. అప్పటికి బేస్‌బాల్ సీజన్ అయిపోవచ్చింది, కొనేవాళ్లు లేరు. ఏళ్ల తరబడి గోదాములో పడి ఉన్న ఆ సరుకును 1960 లో టాప్స్ ఉద్యోగి సై బెర్గర్ పడవ మీద తీసుకెళ్లి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించాడు. సరిగ్గా ఆ 1960 లోనే గ్రోట్ నేషనల్ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు, పైరేట్స్ ప్రపంచ విజేత అయింది. సముద్రం పాలు కాకుండా మిగిలిన గ్రోట్ కార్డు ఖరీదు ఎక్కువే. అందుకే మడతలు పడినదాన్ని వెతకండి.

ఖరీదు మాట అటుంచినా, మడతలు పడిన కార్డులే కొనమంటాను. గ్రేడింగ్ కంపెనీలు 1 నుంచి 10 వరకు మార్కులు వేస్తాయి. 10 వచ్చిన పాత కార్డును బహుశా ఏ పిల్లవాడూ ప్రేమించలేదు. 1 వచ్చినదాన్ని ఎవరో జేబులో పెట్టుకు తిరిగారు, స్నేహితుడికిచ్చి మార్చుకున్నారు, మళ్లీ అడిగి తెచ్చుకున్నారు. బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెట్ బొమ్మల కోసం బడి దగ్గర బేరాలాడిన మన పిల్లలకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. 1971 టాప్స్ కార్డులకు నల్లటి అంచులుంటాయి. కాస్త తగిలితే చాలు, రంగు పోయి కింది తెలుపు బయటపడుతుంది. ఆ తెల్లటి మచ్చలున్నవే తీసుకోండి. ఏ కార్డు దొరికిందో టిక్కు పెట్టుకోవడానికి కంపెనీలు చెక్‌లిస్టు కార్డులు కూడా వేసేవి. టిక్కులు లేని చెక్‌లిస్టుకు ధర ఎక్కువ. మీరు పెన్సిల్‌తో టిక్కులు పెట్టినదే కొనండి. యాభై ఏళ్ల కిందట ఒక పిల్లవాడికి ఎవరు దొరికారో, ఎవరు దొరకలేదో దాని మీద తెలుస్తుంది.

సీలు వేసిన డబ్బాలో వస్తే డబ్బా పగలగొట్టండి. పాత కార్డుల్లో నకిలీలుంటాయి, అంచులు కత్తిరించి కొత్తగా చేసినవీ ఉంటాయి. కాబట్టి నిజమైనదో కాదో తేల్చుకునేదాకా డబ్బా ఉండనివ్వండి. తేలాక చిన్న స్క్రూడ్రైవరుతో అంచు దగ్గర మెల్లగా విప్పి, కార్డును చేతిలోకి తీసుకోండి. దాని మందం, గరుకుదనం వేళ్లకు తెలియాలి. డబ్బా పోతే అమ్మకపు ధర పడిపోతుంది. అమ్మడానికి కొనలేదు కదా.

వెనక జిగురు మరక ఉందని కార్డును వదులుకోకండి. సిరక్యూస్ ఊరివాడు జెఫర్సన్ బర్డిక్ జీవితమంతా కార్డులు సేకరించి, వాటికి తొలి పెద్ద కేటలాగు తయారుచేశాడు. సిగరెట్ పెట్టెల్లో వచ్చిన 1909-11 నాటి కార్డులను ఇవాళ అందరూ టీ-206 అంటున్నారంటే అది ఆయన పెట్టిన గుర్తే. తన మూడు లక్షల పైచిలుకు కాగితపు సంపదను న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చి, కీళ్లవాతంతో వంకర్లు పోయిన చేతులతో ఏళ్ల తరబడి అక్కడే కూర్చుని వాటిని ఆల్బమ్‌లలో అంటించాడు. 1963 జనవరిలో పని పూర్తయింది, మార్చిలో ఆయన పోయాడు. నేటి లెక్కలో ఆయన చేసింది పాడుచేయడం. నా లెక్కలో కార్డులను అంతకంటే బాగా చూసుకున్నవాళ్లు లేరు.

ఇక వరస. ఏళ్ల వారీగా సర్దకండి, ఒక స్థానం పట్టుకుని సర్దండి. నేను షార్ట్‌స్టాప్‌ను ఎంచుకోమంటాను. రెండో బేసుకూ మూడో బేసుకూ మధ్య నిలబడే ఫీల్డరు అతను. పైరేట్స్ చరిత్ర ఆ నాలుగడుగుల నేల మీదే నడిచింది. హోనస్ వాగ్నర్‌తో మొదలై, 1935 లో .385 సగటుతో జట్టు రికార్డు పెట్టిన ఆర్కీ వాన్, తర్వాత గ్రోట్, జీన్ ఆలీ, 1979 లో టిమ్ ఫోలి, ఆపైన జే బెల్, జాక్ విల్సన్, మన కాలంలో 2024 దాకా ఓనీల్ క్రూజ్. వీళ్లను పక్కపక్కన పెడితే పొగాకు కంపెనీ బుల్లి కార్డు నుంచి 1934 గౌడీ గమ్ కార్డు మీదుగా నేటి మెరుపు కార్డు దాకా కాగితం ఎలా మారిందో కూడా కళ్లకు కడుతుంది. 1952 నుంచి 1956 దాకా టాప్స్ కార్డులు ఇప్పటికంటే పెద్దవి. నేటి తొమ్మిది అరల షీటులో పట్టవు. అడ్డదిడ్డంగా ఉంటేనేం, అలాగే ఉంచండి.

వాగ్నర్ టీ-206 కార్డు మనకు అందదు. 2022 లో ఒకటి 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడైంది. ఆ చోట నకలు పెట్టండి. రీప్రింట్ అని వెనక స్పష్టంగా అచ్చువేసినదైతే ఎవరినీ మోసం చేసినట్టు కాదు. పక్కన అదే సెట్‌లోని అసలైన టామీ లీచ్ కార్డు, బాగా నలిగినది ఒకటి, ఉంచండి. వాగ్నర్‌తో కలిసి 1909 లో గెలిచినవాడే అతనూ.

రాబర్టో క్లెమెంటే కార్డులను మాత్రం వెనకనుంచి ముందుకు కొనండి. అందరూ 1955 రూకీ కార్డు కోసం అప్పులు చేస్తారు. మీరు 1973 కార్డు ముందు తీసుకోండి. 1972 సెప్టెంబరు 30 న క్లెమెంటే మూడువేలవ హిట్ కొట్టాడు, రెగ్యులర్ సీజన్లలో ఆయన కొట్టిన చివరి హిట్ అదే. డిసెంబరు 31 న నికరాగువా భూకంప బాధితులకు సామగ్రి తీసుకెళ్తున్న విమానం ప్యూర్టోరికో తీరంలో కూలి చనిపోయాడు. 1973 కార్డు వచ్చేనాటికి ఆయన లేడు. దాన్ని తిప్పి చూడండి, లెక్కలు 1972 తో ఆగిపోతాయి. అక్కడి నుంచి వెనక్కి వెళ్లండి. 1970 దాకా రాబర్టో అనే ఉంటుంది. 1969 కార్డుకు వచ్చేసరికి బాబ్ అయిపోతాడు. 1957 నుంచి అన్నేళ్లు టాప్స్ ఆయన్ను బాబ్ క్లెమెంటే అనే ముద్రించింది. స్పానిష్ మాట్లాడే ప్యూర్టోరికో నల్లజాతి యువకుడు తన పేరు రాబర్టో అని చెబుతూనే ఉన్నా వినలేదు. ఇంకా వెనక్కి, 1956, 1955 లకు వెళితే మళ్లీ రాబర్టో. ఆ బాబ్ కార్డులను పక్కన పెట్టేయకండి, ఒక్కటీ వదలకుండా కొనండి. పరదేశంలో పేరు కోసం ఎంత పెనుగులాడాలో ఆ వరసలో ఉంది. పిట్స్‌బర్గ్ దగ్గరి పెన్‌హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చే తెలుగు కుటుంబాల్లో, బడిలో తన పేరును ముక్కలు చేసి పిలిపించుకున్న పిల్లలకు ఈ కార్డులు చూపించాలి.

752 కార్డుల 1971 సెట్ మొత్తం పూర్తి చేయాలని తాపత్రయపడకండి. తొమ్మిది చాలు. ఆ ఏడాది సెప్టెంబరు 1 న పైరేట్స్ మైదానంలోకి దింపిన తొమ్మిది మందీ నల్లజాతివాళ్లు, లాటిన్ అమెరికావాళ్లు. మేజర్ లీగ్‌లలో అదే మొదటిసారి. స్టెనెట్, క్లైన్స్, క్లెమెంటే, స్టార్జెల్, సాంగియెన్, క్యాష్, ఆలివర్, హెర్నాండెజ్, పిచ్చర్ డాక్ ఎలిస్. ఫిలడెల్ఫియా మీద 10-7 తో గెలిచారు. స్టెనెట్ ఆ ఏడాది మధ్యలో వచ్చాడు కాబట్టి అతన్ని 1972 సెట్‌లో వెతకాలి. ఒక షీటులో తొమ్మిది అరలు. బ్యాటింగ్ వరసలోనే పెట్టండి.

పైరేట్స్ కానివాళ్లను కూడా పైరేట్స్ ఆల్బమ్‌లో పెట్టండి. పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్, హోమ్‌స్టెడ్ గ్రేస్ నల్లజాతి లీగుల్లో ఆడిన జట్లు. పైరేట్స్ అప్పటి సొంత మైదానం ఫోర్బ్స్ ఫీల్డ్‌లో గ్రేస్ ఆడింది. జోష్ గిబ్సన్ అదే ఊళ్లో పెరిగి, అదే ఊళ్లో ఆడి, 1947 జనవరిలో, నల్లజాతివాళ్లకు దారి తెరుస్తూ జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌లోకి రావడానికి మూడు నెలల ముందు చనిపోయాడు. 1933 గౌడీ సెట్‌లో ఆయన లేడు, క్రాఫర్డ్స్ పిచ్చర్ శాచెల్ పేజ్ లేడు. 2024 లో మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆ లీగుల లెక్కలను కలుపుకున్నాక మొత్తం చరిత్రలోనే అత్యధిక సగటు గిబ్సన్‌ది అయింది, .372. తర్వాతి కాలంలో అచ్చయిన ఆయన కార్డు ఏదైనా సరే తీసుకొచ్చి 1930ల కార్డుల పక్కన పెట్టండి. కాలక్రమం చెడితే చెడనివ్వండి.

దొరకని కార్డులు మీరే చేసుకోండి. 2008 నవంబరులో పైరేట్స్ ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్‌లతో ఒప్పందం చేసుకుంది. ఇద్దరూ జావెలిన్ విసిరే కుర్రాళ్లు. భారతదేశంలో జరిగిన బంతి విసిరే పోటీలో రాణించి, అమెరికా వెళ్లి నేర్చుకున్నారు. 2009 లో పైరేట్స్ కింది స్థాయి జట్టులో ఆడారు. మేజర్ లీగ్ దాకా చేరలేదు. రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవున అట్ట కత్తిరించి, ముందు ఫొటో అంటించి, వెనక పుట్టిన ఊరు, ఆడిన ఏడు చేత్తో రాయండి.

1980ల చివరి సరుకు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కంపెనీలు లెక్కలేకుండా అచ్చువేశాయి. 1987 చెక్క అంచుల బారీ బాండ్స్ కార్డు ఇప్పటికీ చవకే. పెట్టె కొని పిల్లల చేతికిచ్చేయండి, సైకిల్ చువ్వలకు పెట్టుకుంటే పెట్టుకోనీ.

ఆ తర్వాతి రోజులకు మాత్రం ఓపిక కావాలి. 1993 నుంచి 2012 దాకా వరసగా ఇరవై సీజన్లు పైరేట్స్ గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ. ఏడాదికొక కార్డు చొప్పున ఇరవై కొనండి. ఆ ఏడాది మేటి ఆటగాడిది వద్దు. ఒకటి రెండు సీజన్లు ఆడి వెళ్లిపోయినవాళ్లవి తీసుకోండి. 2013 లో ఆండ్రూ మెక్‌కచన్ కార్డు పెట్టేటప్పుడు ఆ ఇరవై మంది పక్కన లేకపోతే, నల్ల చొక్కాలతో నిండిపోయిన జట్టు మైదానం పీఎన్‌సీ పార్కు ప్లేఆఫ్ ఆట జరిగిన ఆ అక్టోబరు రాత్రి అంతగా ఎందుకు అరిచిందో అర్థం కాదు.

పైరేట్స్ పిచ్చర్ పాల్ స్కీన్స్ మొదటి ఆటలో వేసుకున్న చొక్కా మీది గుర్తును పొదిగిన కార్డు ప్రపంచంలో ఒక్కటే ఉంది. అది లాస్ ఏంజెలిస్ దగ్గర పదకొండేళ్ల పిల్లవాడికి ప్యాకెట్‌లో దొరికింది. దానికి బదులుగా ముప్పై ఏళ్ల సీజన్ టికెట్లు ఇస్తామని పైరేట్స్ ముందుకొచ్చింది. ఆ కుటుంబం వేలానికి పెట్టింది, 2025 లో 11 లక్షల 10 వేల డాలర్లు పలికింది. మీరు అదే 2024 స్కీన్స్ మామూలు కార్డు కొనండి. ఆయన బంతి వేసే రోజు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని పార్కుకు వెళ్లండి. ఆట అయ్యాక వెనకవైపు తేదీ, ఎవరితో ఆడారో, స్కోరు ఎంతో పెన్సిల్‌తో రాయండి. రాస్తే ధర పోతుందని పక్క సీటాయన వారిస్తాడు. అయినా రాయండి.