పీకేయకండి, బిగించండి

మిషిగన్, ఒహాయో, పెన్సిల్వేనియా వైపు చదువుకోడానికి వచ్చే మన పిల్లల మొదటి కారు చాలావరకు పదిహేనేళ్లు దాటిన కరోలానో, సివిక్కో, క్యామ్రీయో అవుతుంది. ఇంజిన్‌కు ఢోకా ఉండదు. ఒకటి రెండు చలికాలాలు గడిచాక మాత్రం, పొద్దున్నే స్టార్ట్ చేయగానే కింద ఎక్కడో రేకు గలగలమంటుంది. కాస్త రేస్ చేస్తే ఆగుతుంది, సిగ్నల్ దగ్గర నిలబడితే మళ్లీ మొదలు. రూమ్మేట్లు తలా ఒక సలహా ఇస్తారు. ఆ సలహాలన్నీ నేను విన్నాను, వాటిని నమ్మి కార్లు పాడుచేసుకున్నవాళ్లనూ చూశాను. వాటన్నిటికీ ఉన్నది ఒకటే లోపం. అవి చప్పుడు ఆపడానికి పుట్టిన సలహాలు. ఆ రేకును అక్కడ ఎందుకు పెట్టారని ఎవరూ అడగరు.

దాన్ని హీట్ షీల్డ్ అంటారు. అమెరికాలో 1975 మోడళ్ల నుంచి చాలా కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్లు బిగించడం మొదలైంది. పొగలోని విషవాయువులను మార్చే ఆ డబ్బా సరిగ్గా పనిచేయాలంటే బాగా వేడెక్కాలి. మామూలుగా నడుస్తున్నప్పుడు దాని లోపల 400 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. దానికి కొన్ని అంగుళాల పైనే మీ కాళ్ల కింది కార్పెట్ ఉంది. కారును బట్టి, ఎగ్జాస్ట్ పైపు దారి పొడవునా పెట్రోల్ పైపు, బ్రేక్ పైపు, హ్యాండ్ బ్రేక్ కేబుల్, సెన్సర్ వైర్లు, రబ్బరు బుష్‌లు ఉంటాయి. ఆ వేడి వీటికి తగలకుండా అడ్డుకోవడమే ఈ రేకు పని. కింద తారు రోడ్డు ఉన్నంతసేపూ గొడవ లేదు. ఎండుగడ్డి మీద ఆపితే ఉంది.

ఇప్పుడు ఆ సలహాల్లో అన్నిటికంటే ముందు వినిపించేది: “పీకి పారెయ్ బ్రో, ఏం కాదు.”

ఏం కాదన్నది కొన్నాళ్లు నిజంలాగే కనిపిస్తుంది. అందుకే ఇది ఇంతగా చెలామణి అవుతోంది. రేకు తీసేసిన మర్నాడు కారు తగలబడదు. జరిగేది మెల్లగా జరుగుతుంది. పక్కనున్న రబ్బరు బూట్ గట్టిపడి పగుళ్లిస్తుంది, వైరు మీది తొడుగు పెళుసెక్కుతుంది, వేసవిలో దూరం నడిపితే కాళ్ల దగ్గర నేల వేడెక్కుతుంది. రెండేళ్ల తర్వాత వాటికి డబ్బు పెట్టేవాడికి, ఆనాడు పీకిన రేకుకూ దీనికీ సంబంధం ఉందని తట్టదు. ఇంకొక సంగతి. ఒహాయోలో చదివి డాలస్‌లో ఉద్యోగం వచ్చినవాడు అదే కారులో సామాను వేసుకుని టెక్సస్ వెళతాడు. అక్కడ ఎండాకాలంలో పార్కు పక్కన, గుడి దగ్గర, పండగ రోజు స్థలం దొరక్క ఎండిన గడ్డి మీద కారు పెడతాడు. అరవై మైళ్లు హైవే మీద వచ్చి ఆగిన కన్వర్టర్ కింద ఎత్తుగా పెరిగిన ఎండుగడ్డి ఉంటే అంటుకోగలదు. షీల్డ్ ఉన్నా అక్కడ ఆపకూడదు, లేనప్పుడు అసలే కూడదు.

పీకేయమనేవాళ్లు గమనించని విషయం ఒకటుంది. రేకు గలగలమన్నంత మాత్రాన రేకు పోయినట్టు కాదు. చలికాలంలో రోడ్లకు చల్లే ఉప్పు ముందుగా తినేది బోల్ట్ చుట్టూ ఉన్న రంధ్రాన్ని. రేకు అల్యూమినియందై, బోల్ట్ ఇనుపదైతే, ఆ రెండు లోహాలూ కలిసిన చోట ఉప్పు తడి తగిలితే అల్యూమినియం ఇంకా తొందరగా కరుగుతుంది. రంధ్రం పెద్దదై బోల్ట్ తలకాయ దాటిపోతుంది, రేకు వదులై ఊగుతుంది. మిగతా రేకంతా చాలాసార్లు గట్టిగానే ఉంటుంది. అంటే పోయింది పట్టు మాత్రమే. పట్టు తిరిగి ఇవ్వడానికి పెద్ద ఖర్చు లేదు.

రెండో సలహా, వదులైన రేకును జిప్ టైలతో కట్టేయమనడం. ఇది చెప్పినవాణ్ణి కోప్పడాలనిపిస్తుంది. జిప్ టై నైలాన్‌తో చేసింది. 220 నుంచి 260 డిగ్రీలకు నైలాన్ కరిగిపోతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. కరిగి ఎగ్జాస్ట్ పైపుకు అంటుకుంటే కారులోకి ప్లాస్టిక్ కాలిన కంపు. వేలాడిన రేకు డ్రైవ్ షాఫ్ట్‌కు తగిలినా, హైవే మీద ఊడి వెనకవాడి అద్దం మీద పడినా అది మన తప్పే. సందులో ఫోమ్ కొట్టమనడం, గుడ్డ కుక్కమనడం ఇంకా అన్యాయం. అవి నిప్పంటుకునే వస్తువులు. వంటింటి అల్యూమినియం ఫాయిల్ చుట్టమనేవాళ్లూ ఉన్నారు. అది గాలికి, నీటికి వారం నిలవదు.

నల్ల పెయింట్ కొట్టమనే సలహా మంచి మనసుతో ఇచ్చేదే, కానీ తప్పు. కొత్త షీల్డ్ తళతళలాడేది అందం కోసం కాదు. మెరిసే అల్యూమినియం తన మీద పడ్డ వేడిలో ఎక్కువ భాగాన్ని వెనక్కి కొడుతుంది, నల్ల రంగు దాన్ని పీల్చుకుంటుంది. కారు అడుగున కొట్టే తారు లాంటి అండర్‌కోటింగ్‌ను షీల్డ్ మీద, పైపు మీద కొడితే పొగలు చిమ్ముతూ కాలుతుంది. కన్వర్టర్ చుట్టూ గుడ్డ టేప్ లాంటి ఎగ్జాస్ట్ ర్యాప్ చుట్టడం కూడా వద్దు. అది వేడిని లోపలే బంధిస్తుంది, తడిని పట్టి ఉంచి పైపును తుప్పు పట్టిస్తుంది.

గట్టిగా గుద్ది వంచమనేవాడి మాట అసలు వినకండి. రేకుకూ పైపుకూ మధ్య ఉన్న ఖాళీయే సగం పని చేస్తుంది, ఫ్లాస్కు గోడల మధ్య ఖాళీ చేసినట్టు. రేకును పైపుకు ఆనించి నొక్కేస్తే వేడి నేరుగా దాటుతుంది. పైగా కన్వర్టర్ లోపల తేనెపట్టులాంటి పింగాణీ ఇటుక ఉంటుంది, సుత్తి దెబ్బకు పగులుతుంది.

మరి చేయాల్సిందేమిటి? ముందు బండిని కొన్ని గంటలు చల్లారనివ్వండి. చదునైన కాంక్రీటు మీద ఆపి, చక్రాలకు అడ్డం పెట్టి, జాక్‌తో లేపి, జాక్ స్టాండ్ల మీద నిలపండి. ఒట్టి జాక్ మీద నిలిపిన కారు కిందికి ఎప్పుడూ దూరకండి. దీంట్లో బేరం లేదు. చేతులకు మందపాటి గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. తుప్పు రాలి కళ్లలో పడుతుంది, రేకు అంచు బ్లేడులా కోస్తుంది. ఎగ్జాస్ట్ పొడవునా పిడికిలితో తట్టుకుంటూ వెళితే ఎక్కడ గలగలమంటుందో తెలుస్తుంది. ఏ రేకూ కదలకుండా కన్వర్టర్ లోపలి నుంచే గులకరాళ్ల చప్పుడు వస్తే మాత్రం అది షీల్డ్ కాదు, లోపలి ఇటుక పగిలింది. అది వేరే వైద్యం.

పైపు చుట్టూ, కన్వర్టర్ చుట్టూ ఉండే రేకుకు స్టెయిన్‌లెస్ స్టీల్ హోస్ క్లాంప్ చాలు. రేడియేటర్ గొట్టాలకు వేసే స్క్రూ క్లాంప్ అదే. ఒకటి చుట్టూ అందకపోతే రెండు కలిపి ఒకటిగా బిగించవచ్చు. రేకు కదలడం ఆగే వరకే బిగించండి, నలిగే దాకా వద్దు. కారు బాడీకి బోల్ట్‌లతో ఉండే రేకుకు పెద్ద వెడల్పు వాషర్లు వేస్తే పెద్దదైన రంధ్రం మూతపడి పట్టు దొరుకుతుంది. పాత బోల్ట్ మీద ముందురోజు రాత్రే పెనట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఉంచండి. రాకపోతే మంట పెట్టకండి, పెట్రోల్ పైపు పక్కనే ఉంది. ఆయిల్ కొట్టాక మొదటిసారి నడిపినప్పుడు కాస్త పొగ వస్తే కంగారు పడొద్దు, అది ఆ ఆయిల్‌దే.

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రిపేర్లు చేయనివ్వకపోతే సైలెన్సర్ పనులు చేసే షాపుకు వెళ్లండి. కానీ కారు అప్పగించే ముందే చెప్పాలి: తీసేయొద్దు, క్లాంప్ వేసి బిగించండి అని. చెప్పకపోతే చాలాచోట్ల చేతికందగానే పీకి చెత్తబుట్టలో వేస్తారు. రేకు నిజంగానే చిల్లులు పడి తుక్కైపోతే కొత్తది కొనండి. పెట్రోల్ ట్యాంకు ముందుండే షీల్డ్ విషయంలో ఒక్క నెల కూడా వాయిదా వద్దు.

చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే షీల్డ్ అవసరం రెట్టింపవుతుంది. ఆ మిణుకు చాలా కార్లలో మిస్‌ఫైర్ గుర్తు. కాలని పెట్రోల్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ కాలుతుంది, డబ్బా ఎర్రగా కణకణలాడేంత వేడెక్కవచ్చు. ముందు ప్లగ్గులు, కాయిల్స్ చూపించండి.

చలికాలంలో వెచ్చటి రోజు దొరికినప్పుడల్లా ఉప్పు పోయేలా అడుగుభాగం కడిగించండి. చదువు అయిపోయి ఆ కారును జూనియర్‌కు అమ్మేటప్పుడు, హీట్ షీల్డ్ ఉందో లేదో, ఎక్కడ క్లాంప్ వేశారో చెప్పి అమ్మండి. పీకేసి ఉంటే కొత్తది వేయించి ఇవ్వండి, లేదా ఆ డబ్బు ధరలో తగ్గించండి.