కాటా మీద బాబాయి

నూజివీడులో మామిడికాయ కాటా ఎక్కితే బరువు తగ్గుతుంది. మచ్చకింత, నలిగిందానికింత అని తరుగు తీసి, మిగిలినదానికి ధర కట్టి, అందులోంచి కమీషన్ పట్టుకుని రైతు చేతిలో చీటీ పెడతారు. అలా తూకాల మీద నమ్మకం చచ్చిన మా బాబాయి మొన్న ఆరోగ్య బీమాకి వెళ్తే, ఈసారి ఆయన్నే కాటా ఎక్కించారు.

84 కిలోలు.

"మీ ఎత్తుకిది ఎక్కువండీ. ప్రీమియం మీద లోడింగ్ పడుద్దండీ" అన్నాడు ఏజెంటు కుర్రాడు.

"లోడింగ్ కూలి కూడా నాదేనా? పోనీ, తరుగెంత తీస్తావు?"

"తరుగు దేనికండీ?"

"ఎముకలకి. టెంక తూకం తీసెయ్యకుండా రసం ధర కడతారుటయ్యా?"

కుర్రాడు బీఎంఐ చూపించాడు. కిలోలను మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె. బాబాయి 165 సెంటీమీటర్లు కాబట్టి దాదాపు 31. ఈ లెక్క 1830ల్లో బెల్జియం గణితవేత్త క్వెటెలె కట్టింది. ఆయన వెతికింది సగటు మనిషిని. ఎదురుగా నిలబడ్డ మనిషి ఆరోగ్యం తేల్చడం ఆయన పని కాదు. చిక్కం పట్టి కాయ కోసిన కండకీ, పెళ్లి భోజనాల పొట్టకీ ఆ లెక్కలో తేడా లేదు.

బరువు పెరిగితే షుగరూ, బీపీ వెంటపడతాయన్నది నిజమే, కాదనను. అంత భయపడే కంపెనీ బరువు తగ్గించే వైద్యానికైనా డబ్బివ్వాలిగా? పాలసీ వెనక చిన్నక్షరాలు చదవండి. హైదరాబాదులో కొలువున్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో మినహాయింపులను ఒక మూసలో పోసింది. దాని ప్రకారం ఊబకాయం ఆపరేషన్‌కి సొమ్ము రావాలంటే బీఎంఐ 40కి చేరాలి. లేదంటే 35తో పాటు గుండెజబ్బో, అదుపు తప్పిన షుగరో, అలాంటి తీవ్రమైన జబ్బో ఉండాలి. మిగతా వైద్యాలు ముందే విఫలమై ఉండాలి.

40 అంటే బాబాయి 109 కిలోలు తూగాలి. ఇంకా పాతిక కిలోలు! "రసాలతో పెంచుకోమంటావా, బంగినపల్లితోనా?" అని అడిగాడు. కుర్రాడి దగ్గర ఆ పట్టిక లేదు.

రాయితీ పట్టిక మాత్రం ఉంది. రోజూ ఇన్ని అడుగులు నడిస్తే రెన్యువల్లో తగ్గింపు, లెక్కపెట్టేది ఫోను. బాబాయిది బటన్ల ఫోను. తెల్లారకముందే తోటంతా తిరిగొచ్చే ఆయన అడుగులు ఏ ఖాతాలోనూ పడవు. మనవడి ఫోను గేదె మెడకి కట్టి మేతకి తోలమంటారేమో.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న ప్రభుత్వ పథకం పేదవాడిని కార్డు అడిగింది గానీ కాటా ఎక్కమనలేదు. ఇక కేంద్రం 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేసింది. పన్ను పోయిన సంతోషం బాబాయి నడుం దగ్గర ఆగిపోయింది.

ఆయన లేవబోయాడు. కుర్రాడికి నెలాఖరు టార్గెట్. అటూ ఇటూ చూసి, ఫారంలో బరువు గడిలో 74 అని వేశాడు.

"పది కిలోలా! మా షావుకారు కూడా ఏనాడూ ఇంత తరుగు తియ్యలేదు అబ్బాయ్. రేపు ఆసుపత్రిలో మళ్లీ తూచి, అబద్ధం రాశావంటూ క్లెయిము కొట్టేస్తే, ఈ పదీ ఎవరి లెక్కలో రాస్తావు?"