మన చెరువుల్లో మనాటీని ఫోటో తీయడం ఎలా? ఏడు చిట్కాలు

మనాటీ సముద్రపు ఆవుల కుటుంబంలోది. సైజు బర్రెంత, చుట్టరికం మాత్రం ఏనుగుతో. అది అమెరికా ఖండాల్లోనూ పశ్చిమ ఆఫ్రికాలోనూ తప్ప ఎక్కడా ఉండదని పుస్తకాలు చెబుతాయి. ఆ పుస్తకాలు రాసినవాళ్ళెవరైనా జనగామ బస్టాండులో దిగారా? దిగలేదు. నేను దిగాను, కెమెరా మెడలో వేసుకుని మూడు జిల్లాలు తిరిగాను. కింది చిట్కాలన్నీ స్వానుభవం.

1. దూరం పోకండి. మనాటీ దాయాది డుగాంగ్‌కు ఉప్పునీరే కావాలి. దానికోసం తమిళనాడు ప్రభుత్వం 2022లో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల రిజర్వు ప్రకటించింది. మనాటీకి ఆ పట్టింపు లేదు, మంచినీళ్ళూ పడతాయి. గోదావరి నీళ్ళు దేవాదుల పైపుల్లో జనగామ వైపు చెరువుల దాకా వస్తున్నాయి కదా! నీళ్ళొచ్చిన దారిన మనాటీ రాదా? ధవళేశ్వరం ఆనకట్ట ఎలా దాటిందని అడిగేవాళ్ళను వెంట తీసుకుపోవద్దు.

2. కనబడకపోతే దిగులు పడకండి. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో ప్రాణహిత, గోదావరి కంటికి కనబడతాయి, సరస్వతి అంతర్వాహిని. మనాటీ కూడా అంతర్వాహినే. ఉత్త నీళ్ళను ఫోటో తీసి, కింద ఆ మాట రాయండి. కాళేశ్వరంలో నిలబడి దాన్ని కాదనే ధైర్యం ఎవరికుంది?

3. తోక జోలికి పోకండి. తోక తెడ్డులా గుండ్రంగా ఉంటే మనాటీ. చేప తోకలా రెండుగా చీలితే డుగాంగ్. చివర కుచ్చుండి ఈగలు తోలుతుంటే బర్రె. ఇంత చిన్న తేడా కోసం మనసు పాడుచేసుకోవడం దేనికి? ఎప్పుడూ ముందునుంచే తీయండి. నీళ్ళ మీద ముక్కు, కళ్ళు మాత్రమే తేలి, చుట్టుపక్కల బర్రెలన్నీ గట్టెక్కేస్తే ఇంకా దగ్గరికి పోండి. గూడూరు పక్కనున్న పాకాల చెరువులో మొసళ్ళు ఉన్నమాట నిజమే గానీ, అనుమానపడేవాడు కళాకారుడు కాలేడు.

4. మీరొచ్చినట్టు దానికి తెలియజేయండి. మనాటీ మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి ఊపిరికి పైకొస్తుంది, కదలకుండా పడుకుంటే ఇరవై నిమిషాలదాకా రాదు. అంతసేపు ఎవరు కూచుంటారు? మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువు గట్టు మీద నేను ఈల వేశాను, చప్పట్లు కొట్టాను, నాలుగు రాళ్ళు విసిరాను. కాకతి గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిన చెరువది. ఏడు వందల ఏళ్ళకు పైగా ఇంత సందడి చూసి ఉండదు. గట్టు మీద బర్రెలు కాసే తాత ఒకాయన, "సప్పుడు జెయ్యకుండ కూసో సారూ, గదే పైకస్తది" అన్నాడు. ఫోటోగ్రఫీ తెలియని మనిషి, పట్టించుకోలేదు.

5. మేపండి, నిమరండి. ఫ్లోరిడాలో చలికాలం మనాటీలు క్రిస్టల్ రివర్ ఊటల్లో చేరతాయి, ఏడాదంతా ఆ నీరు 22 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి. టాంపాలో ఉండే మనవాళ్ళు కారేసుకుని పోయి చూసొస్తారు. అక్కడ మనాటీని తరిమినా, మేత పెట్టినా నేరం. తిండికి మరిగితే పడవల దగ్గరికి వస్తుందట, పడవ మోటారు రెక్క వీపు చీలుస్తుందట. ఆ గాట్లను బట్టే ఏది ఏదో గుర్తుపడతారు కూడా. మనకా బాధ లేదు. నేను పొట్లంలోని మరమరాలన్నీ చెరువులో పోశాను. చేపలు తిన్నాయి.

6. పారిపోకపోతే ఒప్పుకున్నట్టే. 1741లో బేరింగ్ సముద్రంలో స్టెల్లర్ అనే పండితుడు చూసిన సముద్రపు ఆవు కూడా మనిషిని చూసి పారిపోలేదు. వేటగాళ్ళు మాంసం కోసం వచ్చారు. 27 ఏళ్ళలో ఒక్కటీ మిగల్లేదు. వాళ్ళ చేతుల్లో ఈటెలుండేవి, మన చేతుల్లో కెమెరాలే కదా! కాబట్టి ఇంకో అడుగు ముందుకెయ్యండి.

7. జూమ్ మాత్రం చేయకండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. నాకు దొరికిన ఒకే ఒక మంచి ఫోటోలో నల్లటి వీపు, వెడల్పాటి ముక్కు, ముక్కు మీద నీటి బొట్లు చక్కగా వచ్చాయి. మనాటీకి బయటికి చెవులుండవు. నా మనాటీకి రెండున్నాయి. వేళ్ళతో సాగదీసి చూస్తే ఒకదానికి పసుపు ప్లాస్టిక్ బిళ్ళ, దాని మీద పన్నెండు అంకెలు.

అంకెలు చదవడానికి తంటాలు పడుతుంటే తాత నా భుజం మీదుగా తొంగిచూశాడు. ఆయనకు అంకెలు అక్కర్లేదు.

"గిది మా లచ్చిమి. గంత మసకగ తీసినవేంది సారూ?"